ముందు అడగడం నేర్పండి: ఆటిజం ఉన్న చిన్నపిల్లలతో ఇంట్లో

(తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటినే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు, వాళ్లు లేచి తిరిగినా, అరిచినా, ఈ స్టేజీ ఎక్కినా కంగారుపడకండి. ఇక్కడ ఎవరూ మీ వంక అదోలా చూడరు.

రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల గురించే మాట్లాడతాను. మీలో చాలామంది వారానికి మూడు నాలుగు గంటలు స్పీచ్ థెరపీకో, ఓటీకో (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకో) తీసుకెళ్తున్నారు. పిల్లాడు రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. అందులో 80 గంటలు గడిచేది మీ ఇంట్లోనే. అలాగని ఇంటినే సెంటర్ చేసేసి, చాప వేసి కూర్చోబెట్టి, ఫ్లాష్ కార్డులు పట్టుకుని రోజంతా పాఠం చెప్పమనడం లేదు. అలా చేస్తే మీరూ విసిగిపోతారు, మిమ్మల్ని చూస్తే వాడూ పారిపోతాడు. స్నానం, తిండి, బట్టలు, ఆట, నిద్ర ఎలాగూ ఉంటాయి కదా, నేర్పేది వాటిలోనే నేర్పాలి.

ఏం నేర్పాలన్నది అసలు ప్రశ్న. "ఏబీసీడీలు చెప్తాడండీ, వంద దాకా అంకెలు చెప్తాడు, కార్ల పేర్లన్నీ చెప్తాడు" అని తల్లిదండ్రులు సంతోషంగా చెబుతారు. దాహమేస్తే నీళ్లు అడుగుతాడా అంటే, లేదు, ఏడుస్తాడు, లేదా మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. ముందు కావలసింది ఏబీసీడీలు కాదు, అడగడం. మాటతోనే అడగనక్కర్లేదు. చూపుతో, చేత్తో, బొమ్మతో, శబ్దంతో, దేనితోనైనా సరే, ఎదుటి మనిషికి తెలిసేలా అడగాలి. ఇది వస్తే ఇంట్లో అల్లరి చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మన ఇళ్లల్లో పిల్లాడికి అడగాల్సిన అవసరమే రాదు. ఆకలి వేళకి నాయనమ్మ గిన్నె పట్టుకుని వెంటపడుతుంది. ఇష్టమైన బొమ్మలన్నీ నేలమీదే ఉంటాయి. కాబట్టి మొదటి పని, ఆ అవసరం కల్పించడం. వాడికి బాగా ఇష్టమైనవి నాలుగైదు ఎంచుకోండి: జంతికలు, బుడగల సీసా, కీ ఇస్తే తిరిగే బొమ్మ, ఏదైనా. వాటిని లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ డబ్బాల్లో, వాడికి రాని గట్టి మూత పెట్టి, వాడి కళ్లకు ఎదురుగా ఉంచండి. చేతికి అందకూడదు, కంటికి కనిపించాలి. బీరువాలో దాచేస్తే వాడికి గుర్తూ రాదు, అడగడూ.

డబ్బా దగ్గరికి వాడు వచ్చాడనుకోండి. మీరు వెళ్లి వాడి కళ్ల ఎత్తుకి కూర్చోండి. డబ్బా పట్టుకుని ఊరుకోండి. మనసులో ఒకటి నుంచి ఏడెనిమిది దాకా లెక్కపెట్టండి. మనవాళ్లకి కష్టమైన పని ఇదే, ఊరుకోవడం. రెండు సెకన్లు కాకముందే "ఏం కావాలి నాన్నా, చెప్పు, జంతికా, జం-తి-క అను" అంటూ వరస పెడతాం. ఈ పిల్లల్లో చాలామందికి విన్నదాన్ని అర్థం చేసుకుని జవాబు తయారు చేసుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. మధ్యలో మీరు ఇంకో మాట అంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఏడెనిమిది సెకన్లలో వాడు మీ చెయ్యి డబ్బా మీద పెట్టొచ్చు. ఒకసారి డబ్బానీ, ఒకసారి మీ ముఖాన్నీ చూడొచ్చు. "ఊ" అనొచ్చు. ఇవాళ్టికి అదే అడగడం. వెంటనే, ఒక్క క్షణం కూడా ఆపకుండా "జంతిక!" అని ఒక్క మాట అని, చిన్న ముక్క ఇవ్వండి. మొత్తం జంతిక ఇస్తే అది తినేసి వెళ్లిపోతాడు, ఒక్క అవకాశంతో సరి. ఒక జంతికను పది ముక్కలు చేస్తే పదిసార్లు అడుగుతాడు. బుడగలైతే ఒక్కసారి ఊది మూత పెట్టేయండి. ఉయ్యాలైతే నాలుగు ఊపులు ఊపి ఆపండి.

మీరు అనే మాట వాడు అనాల్సిన మాట అయి ఉండాలి. విన్నది విన్నట్టు తిరిగి అనే పిల్లలున్నారు చూడండి, వాళ్ల దగ్గర "నీకు నీళ్లు కావాలా?" అని అడుగుతూ ఇస్తే, రేపు దాహమేసినప్పుడు "నీకు నీళ్లు కావాలా?" అనే వచ్చి అడుగుతారు. అలా అడిగినందుకు కోప్పడకండి, అది అడగడమే. మీరు మాత్రం వాడి నోటితో అన్నట్టు "నీళ్లు కావాలి" అనండి. మాటలు అసలు లేని పిల్లాడి దగ్గర ఒక్క మాట, ఒక్క మాట అనేవాడి దగ్గర రెండు. వాడున్న మెట్టుకి ఒక్క మెట్టే పైన. "ఇదేంటి? ఇదేం రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" అని పరీక్షలు తగ్గించండి.

జాగ్రత్త ఒకటి. ఆకలితో ఉన్నప్పుడు అన్నం ఆపి, దాహంతో ఉన్నప్పుడు నీళ్లు ఆపి నేర్పకండి. ఏడుపు మొదలయ్యేదాకా లాగకండి. ఏడ్చాక ఇస్తే "ఏడిస్తే ఇస్తారు" అన్నదే వాడికి అర్థమవుతుంది. లెక్కపెట్టడం అయిపోయినా వాడేమీ చేయకపోతే మీరే వాడి చెయ్యి పట్టి డబ్బా మీద తట్టించి ఇచ్చేయండి.

మూడేళ్లు దాటినా మాటల్లేని పిల్లలకి బొమ్మల కార్డులు మొదలుపెట్టండి. పెక్స్ అంటారు, 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేసిన పద్ధతి. పేరు విన్నవాళ్లు చాలామందే, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. మొదటి దశ మాత్రం నిదానంగా చెబుతాను, అక్కడ తప్పితే తర్వాత అన్నీ తప్పుతాయి.

మొదటి దశకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. అమ్మ ఎదురుగా, నాన్న పిల్లాడి వెనక. మధ్యలో ఒకే ఒక్క కార్డు: వాడు తినే చిప్స్ ప్యాకెట్‌నే ఫోటో తీసి, రెండంగుళాల చదరంగా కత్తిరించి, లామినేట్ చేయించి, వెనక వెల్‌క్రో అంటించింది. అమ్మ చేతిలో చిప్ చూపిస్తుంది, ఏమీ అనదు. వాడు చిప్ కోసం చెయ్యి చాచగానే, నాన్న వెనకనుంచి ఆ చేతిని పట్టి కార్డు తీయించి, అమ్మ అరచేతిలో పెట్టిస్తాడు. కార్డు అరచేతిలో పడిందో లేదో "చిప్స్!" అని అమ్మ ఇచ్చేస్తుంది. నాన్న మొదటి నుంచి చివరి దాకా నోరు తెరవడు. తెరిస్తే వాడు నాన్న చెప్పేదాకా ఆగడం నేర్చుకుంటాడు. సాయం తగ్గించేటప్పుడు చివరి నుంచి తగ్గించాలి. ముందు అరచేతిలో వదలడం వాడికే వదిలేయండి, తర్వాత అందించడం, ఆ తర్వాత కార్డు తీయడం. వాడంతట వాడే ఇవ్వడం వచ్చాక అమ్మ నాలుగడుగులు దూరం జరగాలి, ఆపైన పక్క గదిలో ఉండాలి. మనిషిని వెతుక్కుంటూ వచ్చి కార్డు చేతిలో పెడితే రెండో దశ వచ్చినట్టు. రెండు బొమ్మల్లో తేడా గుర్తుపట్టడం మూడో దశ. మనవాళ్లు మొదటి రోజే పన్నెండు బొమ్మలు పరిచి "ఏది కావాలో చూపించు" అంటారు. వాడు ఏదో ఒకటి ముట్టుకుంటాడు, ఇది మనవాడికి రాదని కార్డులు అటక మీదికి వెళ్లిపోతాయి.

బొమ్మలు అలవాటైతే ఇక మాట్లాడడేమో అన్న భయం వద్దు. బొమ్మల వల్ల మాట ఆగిపోయిందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. కొందరిలో కార్డు ఇస్తూ ఇస్తూనే మాట మొదలవుతుంది.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని కొన్నిచోట్ల సలహా ఇస్తున్నారు. దానికి ఆధారం లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట ఇంకా వెనకబడదని వరసగా అధ్యయనాలు చెబుతున్నాయి. మీకు ఏ భాషలో ఆలోచించకుండా మాట వస్తుందో అందులోనే మాట్లాడండి. అమెరికాలో ఉన్నా, అనకాపల్లిలో ఉన్నా అంతే. తాతయ్యకి రాని భాషలో పిల్లాణ్ణి పెంచితే, తాతయ్య దగ్గర నేర్చుకునే గంటలన్నీ పోతాయి.

ఫోను సంగతి. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దని, నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దగ్గర ఒక్క అన్నం పెట్టడంలోనే మూడు పూటలా గంటన్నర పోతోంది. ఒక్కసారిగా లాక్కోకండి. ముందు ఒక పూట తిండి దగ్గర మాత్రం ఆపండి. రెండు మూడు రోజులు తక్కువ తింటాడు, తిననివ్వండి. ఇంకోటి, పిల్లాడికి ఆటిజం రావడానికి అమ్మ ఉద్యోగం కారణం కాదు, ముద్దు చేయకపోవడం అంతకన్నా కాదు. తల్లుల ప్రేమలేమి వల్ల వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే అన్నారు, అది తప్పని తేలి దశాబ్దాలైంది. టీకాల వల్ల వస్తుందని 1998లో వచ్చిన పేపర్‌ను ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఇంట్లో ఎవరైనా అంటే ఈ రెండు సంగతులూ చెప్పండి.

ఇప్పుడు అల్లరి. తల కొట్టుకోవడం, కొరకడం, కింద పడి దొర్లడం. ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి: దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. వారం రాయండి. "సాయంత్రం మొండి చేశాడు" అని రాస్తే ఉపయోగం లేదు. "టీవీ ఆపి స్నానానికి రమ్మన్నాను, నేలకి తల కొట్టుకున్నాడు, మళ్లీ టీవీ పెట్టాను" అని రాయండి. వారం తిరిగేసరికి కారణం కనిపిస్తుంది. సాధారణంగా నాలుగిట్లో ఒకటి ఉంటుంది: వస్తువు కావాలి, పని తప్పించుకోవాలి, మనం తనవైపు చూడాలి, లేదా ఆ పని ఒంటికి హాయిగా ఉంది. ఇన్నాళ్లూ లేనిది హఠాత్తుగా మొదలైతే అల్లరి అనుకోకండి. చెవి పోటు, పుప్పి పన్ను, మలబద్ధకం చూపించండి. నొప్పి అని చెప్పలేని పిల్లాడు చెప్పే తీరే అది.

కారణం తెలిశాక, అదే ఫలితం వచ్చే ఇంకో దారి నేర్పాలి. పని తప్పించుకోవడానికి కొరుకుతుంటే "చాలు" అని కార్డు ఇవ్వడం నేర్పి, ఇచ్చిన వెంటనే నిజంగానే పని ఆపాలి. అందుకే అన్నాను, అడగడం వస్తే అల్లరి తగ్గుతుందని. దారి నేర్పకుండా ఊరికే పట్టించుకోకుండా ఉంటే కష్టం. ఇన్నాళ్లూ అరిస్తే వచ్చింది ఇప్పుడు రాకపోతే వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. మొదటి కొద్ది రోజులు పెరగొచ్చు. మూడో రోజున తాతయ్య జాలిపడి ఇచ్చేశాడంటే, ఇంతసేపు, ఇంత గట్టిగా అరవాలని వాడికి తెలిసిపోయినట్టే. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండగలిగే వారం చూసుకుని మొదలుపెట్టండి. పెళ్లి పనుల్లో, బంధువులున్నప్పుడు వద్దు.

మారాం వేరు, తట్టుకోలేకపోవడం వేరు. ఈ రెండోదాన్నే మెల్ట్‌డౌన్ అంటారు. మారాం చేసేవాడు మధ్యమధ్యలో మీరు చూస్తున్నారా లేదా అని చూస్తాడు, కావలసింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి ఏమిచ్చినా ఆగదు. అప్పుడు బుజ్జగింపు, బెదిరింపు, పాఠం ఏవీ పనిచేయవు. లైటు తగ్గించండి, మనుషుల్ని పంపించేయండి, గట్టి వస్తువులు పక్కకి తీయండి, నోరు మెదపకుండా దగ్గర్లో కూర్చోండి. తగ్గాక నీళ్లివ్వండి, అంతే. ఫంక్షన్ హాల్‌కి వెళ్లాల్సి వస్తే బ్యాండూ డీజే మొదలుకాకముందే వెళ్లి, తలుపు దగ్గర కూర్చుని, వాడు బాగున్నప్పుడే అరగంటలో వచ్చేయండి. చెవులకు పెట్టే ఇయర్ మఫ్‌లు అక్కడే మొదటిసారి పెట్టకండి. రెండు వారాల ముందు నుంచి ఇంట్లో, మిక్సీ వేసేటప్పుడు, రెండేసి నిమిషాలు పెట్టి అలవాటు చేయండి.

టాయిలెట్‌కి మాటలు రానక్కర్లేదు. గంటన్నర, రెండు గంటలు పొడిగా ఉండగలుగుతున్నాడంటే మొదలుపెట్టొచ్చు. మూడు రోజులు ఏ టైముకి పోస్తున్నాడో రాసుకుని, ఆ టైముకి ఐదు పది నిమిషాలు ముందు తీసుకెళ్లండి. రెండు మూడు నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి. కమోడ్ అయితే కాళ్ల కింద పీట వేయండి, కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కలేడు. ఫ్లష్ శబ్దానికి జడిసేవాళ్లు చాలామంది, వాడు బయటికి వచ్చాక నొక్కండి. మలబద్ధకం ఉంటే ముందు దానికి మందు, తర్వాతే శిక్షణ. నిక్కరు వేసుకోవడం నేర్పేటప్పుడు చివరి నుంచి రండి: మీరు తొడల దాకా ఎక్కించి, నడుముకి లాక్కోవడం ఒక్కటే వాడికి వదలండి. అది వచ్చాక మోకాళ్ల దాకా ఎక్కించి వదలండి, తర్వాత పాదాల దాకా. ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు.

తిండి విషయం క్లుప్తంగా. పెరుగన్నం, ఒకే కంపెనీ బిస్కెట్, ఇంకేం ముట్టడు అన్న ఇళ్లు ఎన్నో. ముక్కు మూసి మింగించకండి. ఇష్టమైన పెరుగన్నంలో క్యారెట్ దాచకండి, కనిపెట్టాడంటే ఉన్న పెరుగన్నం కూడా పోతుంది. కొత్తది పళ్లెం పక్కన, తర్వాత పళ్లెంలో, తర్వాత ముట్టుకోవడం, వాసన, నాకడం, ఆ తర్వాతే కొరకడం. ఒక్కో మెట్టుకి రోజులు పట్టొచ్చు. పాలు, గోధుమ మానిపించే డైట్‌తో ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తినేవే ఐదారు ఉన్న పిల్లాడికి పెరుగు తీసేస్తే మిగిలేదేముంది? మట్టి, సుద్ద తింటుంటే మాత్రం రక్తంలో ఐరన్ చూపించండి.

ఇది మాత్రం నిదానంగా వినండి. ఈ పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు, పిలిస్తే పలకరు. చాలామందికి నీళ్లంటే పిచ్చి ఇష్టం. ఈ రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. సంపు మూతకి తాళం వేయండి, రాయి పెడితే చాలదు. వీధి గేటుకీ డాబా తలుపుకీ గడియ మీ భుజం కంటే ఎత్తులో బిగించండి. నీళ్ల డ్రమ్ములకు మూత, బాత్‌రూమ్ బయట గడియ. వాచ్‌మన్‌కి, ఎదురింటివాళ్లకి, మూలనున్న కిరాణా కొట్టాయనకి పిల్లాడి ఫోటో చూపించి, ఒంటరిగా కనిపిస్తే ఆపి ఫోన్ చేయమని చెప్పండి. సిగ్గుపడే విషయం కాదిది. మెడలో లాకెట్ ఉంచుకోడు, ఫోన్ నంబరు చొక్కా లోపలివైపు రాయండి. పిల్లాడు కనబడకపోతే అందరూ ముందు బస్‌స్టాప్‌కి, బంధువుల ఇళ్లకి పరుగెత్తుతారు. ముందు నీళ్లున్న చోటు చూడాలి. సంపు, బావి, చెరువు, కాలవ, పక్కింటి సంపు. తర్వాతే మిగతావన్నీ. 

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లండి, ఇంకా మాటల్లేవు. వస్తాయా?

పాపని చూడకుండా హామీ ఇవ్వలేనమ్మా. కానీ నాలుగేళ్లకి రాకపోతే ఇక రావన్న మాట తప్పు. నాలుగేళ్ల వయసులో భాష బాగా వెనకబడిన 500 మందికి పైగా పిల్లల వివరాలతో 2013లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిదేళ్లు, ఆపైన వయసు వచ్చేసరికి 70 శాతం మంది రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతున్నారు, సగానికి కొంచెం తక్కువ మంది ధారాళంగా మాట్లాడుతున్నారు. మిగతావాళ్లకి కార్డులో, ట్యాబ్‌లో మాట్లాడే యాపో కావాలి. అందుకే మాట కోసం ఎదురుచూస్తూ కార్డులు ఆపొద్దంటున్నాను.

ప్రశ్న: స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స చేయిస్తే నయమవుతుందని చెప్పారు, లక్షల్లో అడుగుతున్నారు.

చేయించకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటి చికిత్సని క్లినికల్ ట్రయల్‌లో తప్ప బయట ఇవ్వకూడదు. ట్రయల్ అయితే మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఆటిజం మూల లక్షణాలకి ఇప్పటిదాకా మందు లేదు. రిస్పెరిడోన్ లాంటి మందులు విపరీతమైన చిరాకు, తనని తాను గాయపరచుకోవడం తగ్గించడానికి, అదీ డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే.

ప్రశ్న: సర్టిఫికెట్ తీసుకోమంటున్నారు. ముద్ర పడిపోతుందని మావారు వద్దంటున్నారు. ఇంట్లో ఆడపిల్ల కూడా ఉంది.

సర్టిఫికెట్ గోడకి తగిలించేది కాదమ్మా, మీ బీరువాలో ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ఐసా అనే 40 అంశాల పరీక్ష చేసి శాతం వేస్తారు, 40 శాతం, ఆపైన ఉంటే పథకాలు వర్తిస్తాయి. చిన్న వయసులో ఇచ్చేది తాత్కాలికమే, గడువు తీరాక మళ్లీ చూస్తారు. ఇది ఉంటే నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి అన్నీ కలిపి లక్ష రూపాయల దాకా అడగొచ్చు, అందులో థెరపీకి, ఓపీకి విడివిడిగా తక్కువ పరిమితులుంటాయి, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి అందులో మినహాయింపు కూడా వస్తుంది. థెరపీకి డబ్బు కష్టమైతే జిల్లా ఆసుపత్రిలో డైక్ సెంటర్ (చిన్నపిల్లల ఎదుగుదల లోపాలకి తొందరగా చికిత్స మొదలుపెట్టే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో అడగండి, అక్కడ ఉచితం. హైదరాబాద్ వైపు వాళ్లకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టింది. పరీక్ష రోజు పిల్లాడు కొత్తచోట ఏమీ చేయకపోవచ్చు, ఎక్కువ చేయనూవచ్చు. ఇంట్లో మామూలుగా ఎలా ఉంటాడో రెండు మూడు నిమిషాల వీడియోలు నాలుగు ఫోనులో పెట్టుకెళ్లండి: తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, వేరే పిల్లలతో ఉన్నప్పుడు. ఆధార్, రెండు ఫోటోలు, పాత రిపోర్టుల జిరాక్సులు. వాడి డబ్బాలో జంతికలు కూడా, క్యూ పెద్దదే ఉంటుంది.